మూరెడు దూరపు చదరంగం

కాటాల మెకానిక్ ఏ దుకాణంలో అడుగుపెట్టినా నమస్కారం కన్నా ముందు ఆయన నోట వచ్చే మాట ఒకటే. "కాస్త ఆ ఫ్యాను ఆపండి."

గాలి ఆడుతుంటే సన్నపు త్రాసు నిజం చెప్పదు. ఫ్యాను ఆగగానే యజమాని మొహం ముడుచుకుంటుంది. గుమాస్తాలు చొక్కా పైగుండీలు విప్పుకుంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తామని జారుకుంటారు. ఆయన ఇవేవీ పట్టనట్టు చెక్కపెట్టె తెరిచి, మఖమల్ గుంతల్లో పడుకున్న ఇత్తడి తూకపు రాళ్ళని ఒక్కొక్కటే పట్టకారుతో లేపుతాడు. చేత్తో ముట్టుకోడు. వేలి చెమట కూడా బరువే. నడుమ ఒకటి పెట్టి చూస్తాడు, తర్వాత నాలుగు మూలలా పెట్టి చూస్తాడు. ఏ మూల పెట్టినా కాటా ఒకే మాట మీద నిలబడాలి. మనుషుల్లో అలాంటివాళ్ళు అరుదు గానీ కాటాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తాయి.

అందరూ ఆయన్ని కాటాయన అనేవారు. లారీలు తూచే పెద్ద కాటాల దగ్గర్నుంచి మందుల షాపు త్రాసు దాకా అన్నీ ఆయన చేతి మీదుగా పోయేవే. పనిమీద ఊళ్ళు తిరిగి తిరిగి పెళ్ళి సంగతి వాయిదా పడింది. వాయిదా పడ్డ సంగతి కూడా ఆయన ఆలస్యంగానే గమనించాడు. మాట తూచి మాట్లాడమని పెద్దలంటారు కదా, ఆయన తూచి తూచి, తూకంలో తేలినదాన్ని కూడా లోపలే అట్టేపెట్టుకునే రకం. ముందు గదిలో షాపు, వెనక గదిలో కాపురం. కాపురం అంటే ఒక మంచం, ఒక స్టవ్వు, మరమ్మతుకి వచ్చి యజమానులు మళ్ళీ అడగని కాటాలు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పలక ఉండేది.

రాతి పలక కాదు. అరచేతిలో ఇమిడే యంత్రం. జేబులో పెట్టుకునే ఫోన్లు తెలివి మీరకముందు, ఫోను వేరు, డైరీ వేరుగా ఉన్న రోజుల్లో వచ్చిన వస్తువు. ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు తెర, కింద నాలుగు మీటలు, పక్కన గుచ్చిపెట్టుకునే సన్నటి పుల్ల. ఆ పుల్లతో తెర మీద రాస్తే యంత్రం చదువుకునేది. చదువుకునేదంటే, మన రాతని కాదు, దాని రాతని. ఇంగ్లీషు అక్షరాలే గానీ ప్రతి అక్షరాన్నీ పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో రాయాలి. 'ఏ'కి నడుమ అడ్డకర్ర పనికిరాదు. 'టీ'కి తలమీద టోపీ ఒక పక్కకే ఉండాలి. దాన్ని కొన్నవాళ్ళంతా నడివయసులో మళ్ళీ బడికెళ్ళినవాళ్ళలా అక్షరాలు దిద్దారు. అందుకే దానికి పలక అని పేరు పెట్టుకున్నారు. చేతికి ఒకసారి ఆ వాటం వచ్చాక పోదు. కాటాయన కాగితం మీద కూడా అలాగే రాసేవాడు. ఆయన రాసిచ్చిన సామాన్ల చీటీ చూసి కిరాణా కొట్టు మనిషి, "ఇదేం భాషండీ, చీమ సిరాలో పడి నడిచినట్టుంది" అనేవాడు.

ఆ రాతని చదవగలిగినవాళ్ళు ఒకప్పుడు ఒక గదినిండా ఉండేవారు.

బస్సుల స్టాండు వెనక ఒక క్యాంటీన్. నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే పలకలున్నవాళ్ళంతా అక్కడ చేరేవారు. పాలసీలమ్మే ఆయన, ఇళ్ళ నక్షాలు గీసే ఆవిడ, ఇద్దరు ముగ్గురు మందుల కంపెనీ మనుషులు, ఒక పళ్ళ డాక్టరు. సంఘానికి అధ్యక్షుడూ లేడు, చందా లేదు. వచ్చినవాళ్ళు చేసే మొదటి పని పలకని పలకకి ఎదురుగా పట్టడం. పలక నెత్తిమీద గోరంత ఎర్రటి కిటికీ ఉండేది. అందులోంచి కంటికి కనపడని కిరణం బయల్దేరి ఎదుటి పలక కిటికీలో దూరేది. వెంటనే ఎదుటి తెర మీద, 'ఫలానా వారు ఒకటి పంపుతున్నారు, పుచ్చుకుంటారా?' అని ప్రశ్న పడేది. అవునని తాకాలి.

వెనకటి రోజుల్లో ఓడలవాళ్ళు నడిసముద్రంలో ఇంకో ఓడ కనిపిస్తే దీపాలు ఊపి కబుర్లు పంపుకునేవాళ్ళట. వాళ్ళకి మైళ్ళ దూరం చాలు. ఈ పలక అలా కాదు. మూరెడు దూరం దాటితే దానికి చెవుడు. ఎండ పడితే గుడ్డిది. దాన్నించి ఇంకో పలకకి ఒక్క ముక్క చేరాలంటే రెండో మనిషి వచ్చి, నీడ పట్టున, ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. ప్రపంచం ఆ చివర్నుంచి ఈ చివరికి మాట పంపే యంత్రాలు చేసుకుంటుంటే, ఈ పలక మాత్రం పాతకాలపు పెద్దమనిషిలా, నువ్వు ఇంటికొస్తేనే చెప్తా అనేది. కాటాయనకి నచ్చింది అదే. ఊరూరా తిరిగే పనిలో ఆయన్ని అంత దగ్గరికి రానిచ్చేవాళ్ళెవరు? అందరూ ఫ్యాను ఎప్పుడు వేసుకుందామా అని ఆయన వీపు కేసి చూసేవాళ్ళే.

పళ్ళ డాక్టరుతో ఆట మొదలైంది ఆ క్యాంటీన్లోనే. పలకలో చదరంగం ఉండేది. ఒకరు ఎత్తు వేసి కిరణం మీద పంపితే, అవతలివాళ్ళ పలకలో ఆ ఎత్తు పడేది. పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు. డాక్టరు నోరు ఊరుకోని మనిషి.

"ఏమయ్యా కాటా, నెలకి ఒక్క ఎత్తు. ఫోన్లో చెప్పుకోవడాలు లేవు, మధ్యలో కలవడాలు లేవు. ఇలాగే ఎదురుగా కూర్చుని పంపాలి. అట్లయితే ఆడతావా?" అన్నాడు.

"అలా అయితే ఆట తేలేసరికి మీ నోట్లో పళ్ళుండవు డాక్టరుగారూ."

"నా దగ్గర కట్టుడు పళ్ళున్నాయి. నీ దగ్గర కట్టుడు బుర్ర ఉందా?"

అలా కుదిరింది రూలు. నెలంతా కాటాయన బస్సుల్లో, రైళ్ళలో, అద్దె గదుల్లో ఆ బోర్డు చూసుకుంటూ గడిపేవాడు. ఒక ఎత్తు కోసం నెల రోజుల ఆలోచన. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎదుటి మనిషి ఉన్నట్టే. ఒంటరివాడికి ఇంతకన్నా చవకైన సంసారం ఏముంది?

ఆట ముదిరిన చోట డాక్టరు తన శకటుని ముందుకి తోసి పంపాడు. ఆ నెల్లోనే కాటాయనకి దారి దొరికింది. గుర్రాన్ని నడుమకి దూకిస్తే రాజు మీదకీ మంత్రి మీదకీ ఒకేసారి కాలు లేస్తుంది. డాక్టరు రాజుని తప్పించాలి, మంత్రిని వదులుకోవాలి. అది కనిపించిన రోజు ఆయన ఒక గోదాములో లారీల కాటా కింద గోతిలో దూరి ఉన్నాడు. అక్కడే, గ్రీజు చేతులతో, గట్టిగా నవ్వాడట. పైనున్న డ్రైవరు కంగారుపడి, "కిందేమన్నా కరిచిందా?" అని అడిగాడు.

మొదటి ఆదివారం గుర్రాన్ని కదిపి, పంపడానికి సిద్ధంగా పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్ళాడు. డాక్టరు రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలీదు. ఊళ్ళోనే ఉన్నాడని, ఆస్పత్రి నడుస్తోందని పాలసీలాయన చెప్పాడు. కాటాయన వెళ్ళి అడగలేదు. రానివాడే వచ్చి చెప్పాలి గానీ వచ్చినవాడు వెళ్ళి అడగడమేమిటని రోషం. రోషానికి తూకపు రాయి లేదు, అది ఎంత ఉంటే అంత బరువు. ఇంతలో కొత్త ఫోన్లు వచ్చాయి. సంఘంలో ఒక్కొక్కరే పలక ఇంట్లో పడేసి రావడం, తర్వాత పలకతోపాటు తామూ ఇంట్లోనే ఉండిపోవడం జరిగింది. చివరికి మొదటి ఆదివారం క్యాంటీన్లో కాటాయన, ఆయన ముందు చల్లారిన టీ మిగిలారు. ఆ తర్వాత ఆయనా మానేశాడు.

పలకని మాత్రం మానలేదు. దాని సెల్లులు అయిపోవచ్చినప్పుడల్లా మార్చేవాడు. అందులో ఒక చిక్కుంది. పాత సెల్లులు తీసి కొత్తవి పెట్టే ఆ కాసేపూ లోపలున్న చిన్న కరెంటు నిలవతో పలక ప్రాణం పట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే అంతా పోతుంది. అక్షరాలా పలక తుడిచినట్టే. అందుకే ఆయన తలుపు గడియపెట్టి, ఫోను తీసి పక్కన పెట్టి, పసిబిడ్డకి బట్టలు మార్చినట్టు మార్చేవాడు. అలా ఏళ్ళ తరబడి ఆ గుర్రం ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది.

ఆయనకి మిగిలిన బంధువు మేనకోడలు ఒకర్తే. ఊరి అవతల ఉంటుంది, మనిషి సందడి. ఆవిడే ఆయనకి కొత్త ఫోను కొనిపెట్టింది.

"అందులో చెస్ కూడా ఉంది మావయ్యా. లోకంలో ఎవరితోనైనా ఆడుకోవచ్చు."

ఆడాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు రెప్పపాటులో ఎత్తులు వేసి, గెలిచి, వెళ్ళిపోయాడు. కాటాయనకి బస్సులో ఎవరో జేబు కొట్టినట్టనిపించింది.

అసలు ఇబ్బంది ఈ మధ్య వచ్చింది. పలక తెర వెలవెలబోవడం మొదలుపెట్టింది. రేడియోలు బాగుచేసే పాత స్నేహితుడి దగ్గరికి తీసుకెళితే, అతను వెనక మూత మీద మీటరు ఆనించి చూసి పెదవి విరిచాడు.

"లోపల నిలవ చచ్చిపోయింది. ఈ సెల్లులు ఉన్నంతసేపే ఇది. తీశావా, అంతే సంగతులు."

"కొత్త నిలవ వెయ్యలేవా?"

"వెయ్యాలంటే విప్పాలి. విప్పాలంటే సెల్లులు తియ్యాలి. రోగిని చంపి వైద్యం చేస్తానంటే నువ్వూరుకుంటావా?" అతను పలకని జాగ్రత్తగా తిరిగిచ్చాడు. "లోపలిది కావాలంటే ఒకటే దారి. ఇలాంటిదే ఇంకోటి చూసుకో. బతికుండగానే అందులోకి పంపించెయ్. ఎక్కువ రోజులు ఆగకు."

మేనకోడలికి ఫోన్లో చెబితే తేలిగ్గా కొట్టేసింది. "దానికంత దిగులెందుకు? బోర్డు కాగితం మీద గీసుకో, పోయేది."

"గీసుకోనక్కర్లేదు. నాకు కంఠతా వచ్చు."

"మరింకేం?"

"కాగితం మీద గీస్తే అది నేను గీసిన బొమ్మ అవుతుందే. ఇందులో ఉన్న శకటు ఆయన కదిపింది. నా ఎదురుగా కూర్చుని, నా చేతికిచ్చినట్టు ఇచ్చాడు. ఆ తర్వాత నా ఎదురుగా కూర్చుని నాకెవరూ ఏదీ ఇవ్వలేదు."

మేనకోడలు, "నేనిచ్చిన ఫోను గాల్లోంచి పడిందా మావయ్యా?" అంది. ఆ గొంతులో సగం వెక్కిరింతా సగం నొప్పీ ఉన్నాయి. ఆవిడ దాన్ని కొరియర్లో పంపిందని ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ అనలేదు.

ముందు ఆయన పాలసీలాయన దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు దగ్గరికి పోకుండా పని జరిగితే రోషం దక్కుతుందని ఆశ. పాలసీలాయన ఆదరంగా కూర్చోబెట్టి, అటక మీద నుంచి అట్టపెట్టె దింపించి, పలక బయటికి తీశాడు. వెనక మూత తెరిస్తే సెల్లులు ఎప్పుడో పగిలి, తెల్లటి ఉప్పులా పేరుకుపోయి ఉన్నాయి. తీగల్ని కూడా తినేశాయి.

"అయ్యో, దీన్ని బతికించుకోవాలని తెలీలేదయ్యా," అన్నాడు పాలసీలాయన. బతికినన్నాళ్ళూ జీవిత బీమా అమ్మిన మనిషి.

నక్షాలావిడ ఊరు మారిపోయిందని అక్కడే తెలిసింది. ఇక మిగిలింది డాక్టరే. వచ్చేదారిలో బస్సులో కాటాయన పలక తీసి చూశాడు. తెర మీద బొమ్మలు పొగమంచులో మనుషుల్లా ఉన్నాయి. సెల్లుల బొమ్మలో నలుపు అడుగంటింది. ఆయన వెంటనే ఆర్పేసి జేబులో పెట్టుకుని, ఇంటి దగ్గర దిగకుండా ఆ బస్సులోనే కూర్చున్నాడు.

పళ్ళ ఆస్పత్రి బోర్డు తీసేసిన గుర్తు గోడ మీద తెల్లగా ఉంది. కింద ఇప్పుడు దర్జీ దుకాణం. మిషను తొక్కుతున్న ఆవిడ తల పైకెత్తకుండానే చెప్పింది.

"డాక్టరుగారా? పైన ఉంటారు. తలుపు తియ్యరు. పాలు కూడా గుమ్మంలో పెట్టి పొమ్మంటారు. మీరేమవుతారు ఆయనకి?"

ఏమవుతాడు? "కలిసి ఆడుకునేవాళ్ళం," అన్నాడు.

ఆవిడ మిషను ఆపి ఆయన నెరిసిన జుట్టు కేసి ఒకసారి చూసింది.

పైకెళ్ళి తలుపు తట్టాడు. పిలిచాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది గానీ ఎవరూ రాలేదు. ఇంకోసారి తట్టడానికి చెయ్యి రాలేదు. మెట్ల మీద కూర్చుని, కింద దర్జీ ఆవిడని అడిగి తెచ్చుకున్న కొలతల కాగితం వెనక ఆ పాత ఒంటిగీతల అక్షరాలతో రాశాడు: 'గుర్రం కదిపాను. పలక ఉందా?' తలుపు కింద నుంచి తోశాడు.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"ఈ చెత్త రాత ఇంకా మానలేదా నువ్వు?" అన్నాడు డాక్టరు. మనిషి సగమయ్యాడు. రెండో చెయ్యి లాల్చీ జేబులోంచి బయటికి తియ్యలేదు. "లోపలికి రా. చెప్పులు బయటే విడు, ఊడ్చేవాళ్ళు లేరు."

గదిలో పాత దంత వైద్యం కుర్చీ ఒకటి కిటికీకి ఎదురుగా ఉంది. డాక్టరు అందులో కూర్చున్నాడు. కాటాయన స్టూలు లాక్కున్నాడు. కాసేపు ఇద్దరూ కింద మిషను చప్పుడు విన్నారు.

"ఎందుకు మానేశారు డాక్టరుగారూ?" ఇన్నేళ్ళూ రోషం అడగనివ్వని మాట అంత మామూలుగా బయటికొచ్చేసింది.

"ఏముంది. సెల్లులు మారుస్తున్నాను. ఒకావిడ చెంప పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. మూత తెరిచినట్టే బల్లమీద పెట్టి వెళ్ళాను. పన్ను మొండికేసింది. తిరిగొచ్చేసరికి పలక పసిపాప. ఆట లేదు, పేర్లు లేవు, ఏమీ లేవు."

"ఆ మాట వచ్చి చెప్తే ఏం పోయేది?"

"నువ్వు నమ్మేవాడివా? నీ గుర్రం కాలు నేను చూళ్ళేదనుకున్నావా? శకటుని పంపిన సాయంత్రమే చూశాను. మంత్రి పోతోంది. ఓడిపోతానని కావాలని తుడిచేశాడంటావు. ఒకరి దగ్గర దొంగాటవాడని అనిపించుకోవడం నాకు..." ఆగాడు. "మొదటి నెల అదీ సిగ్గు. రెండో నెల, మొదటి నెల రానందుకు సిగ్గు. అలా ఒకదాని మీద ఒకటి పేరుకుంది. పిప్పిపన్ను సంగతి నాకు తెలీదా? మొదట్లోనే చూపిస్తే చిటికెలో పోతుంది. చూపించరు."

కాటాయన ఆయన కేసి నమ్మలేనట్టు చూశాడు. "ఆట నా పలకలో ఉంది కదండీ. మీరొచ్చి ఎదురుగా పెడితే మొత్తం మళ్ళీ మీ దాంట్లోకి వచ్చేసేది. టీ తాగేలోపు అయిపోయేది."

"నాకది తట్టలేదు," అన్నాడు డాక్టరు.

"నాకు రావడం తట్టలేదు," అన్నాడు కాటాయన.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

డాక్టరు పలక సొరుగులో, పళ్ళు పీకే పట్టకార్ల పక్కన, గుడ్డలో చుట్టి ఉంది. సెల్లులు ఎప్పుడో తీసేశాడు కాబట్టి లోపల శుభ్రంగా ఉంది. కాటాయన మెట్లు దిగి వెళ్ళి కొత్త సెల్లులు తెచ్చి వేశాడు. తెర వెలిగింది. ఏమీ తెలియని యంత్రం కదా, మొట్టమొదట అడగాల్సింది అడిగింది. తెర మూలన ఒక కూడిక గుర్తు చూపించి, దాని నట్టనడుమ పుల్లతో తాకమంది.

"నువ్వే తాకు," అన్నాడు డాక్టరు.

"కుదరదు. ఎవరు తాకితే వాళ్ళ చేతివాటానికి సర్దుకుంటుంది. పలక మీది."

అప్పుడు డాక్టరు జేబులోంచి రెండో చెయ్యి తీశాడు. అది వణుకుతోంది. గాలికి ఊగే ఆకులా కాదు, ఆగని మోటారులా. పుల్ల తెరమీద గుర్తు దగ్గరికి వెళ్ళి, దాటిపోయి, పక్కన గీసింది. యంత్రం ఒప్పుకోలేదు. మళ్ళీ అదే గుర్తు చూపించింది. మళ్ళీ తప్పింది. మళ్ళీ చూపించింది. దానికి విసుగూ లేదు, జాలీ లేదు.

"ఇందుకే మూసేశాను," అన్నాడు డాక్టరు తెర మీంచి కళ్ళు తీయకుండా. "వణికే చేతికి నోరెవరు తెరుస్తారు? నేనే తెరవను."

కాటాయనకి వణికే వస్తువులతోనే బతుకు గడిచింది. ముల్లు ఊగుతుంటే కాటాని తిట్టి లాభం లేదు. అడుగున మట్టం సరిచెయ్యాలి. ఆయన తన అరచేతిని డాక్టరు మణికట్టు కింద ఆనించాడు. గట్టిగా పట్టుకోలేదు. బరువు మాత్రం తీసుకున్నాడు. తర్వాత అలవాటు కొద్దీ, "ఆ ఫ్యాను..." అని పైకి చూశాడు. ఫ్యాను తిరగడం లేదు.

"ఊపిరి బిగబట్టమంటావా?" అన్నాడు డాక్టరు.

"మాట్లాడకుండా ఉంటే చాలు. అది మీవల్ల కాదని తెలుసు."

పుల్ల గుర్తు మీద వాలింది. యంత్రం ఒప్పుకుని ఇంకో మూల ఇంకోటి చూపించింది. అది కూడా అయింది. మూలలన్నీ అయ్యాక కూడా కాటాయన చెయ్యి వెంటనే తియ్యలేదు, డాక్టరు తియ్యమనలేదు.

కిటికీకి ఎండ వస్తోంది. కర్టెన్ వేసి, పలకలు రెండూ కుర్చీ చేతి మీద ఎదురెదురుగా పెట్టారు. కాటాయన తన పలక వెలిగించాడు. తెర మీది పొగమంచు ఇంకా చిక్కబడింది. పంపమని తాకాడు. డాక్టరు తెరమీద ఆ పాత ప్రశ్న పడింది: పుచ్చుకుంటారా?

"చూస్తారేం, తాకండి."

ఆట దాటుతున్నంతసేపూ ఇద్దరూ కదల్లేదు. డాక్టరు పలక సన్నగా కూత పెట్టింది. బోర్డు మొత్తం, పంపిన ఎత్తులన్నీ, ఎత్తిన కాలుతో గుర్రం, అన్నీ అందులో కనిపించాయి. కాటాయన తన పలక చేతిలోకి తీసుకునేసరికి తెర ఒకసారి నల్లబడి, తెల్లబడి, ఇక వెలగలేదు.

"పోయిందా?" అన్నాడు డాక్టరు.

"పోయింది. పర్లేదు. మీ దాంట్లో ఉంది."

డాక్టరు బోర్డు కేసి చూస్తున్నాడు. ముందు గుర్రాన్ని చూశాడు. తర్వాత మంత్రిని. తర్వాత చూపు ఎటో జరిగి ఒక చోట ఆగింది. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఆ మొహంలో క్యాంటీన్ నాటి వెటకారం కదిలింది.

"ఏమయ్యా కాటా. ఇన్నాళ్ళూ దీన్ని చూసుకునేనా మురిసిపోయావు?"

"ఏం, ఏమైంది?"

"ఏం కాలేదు. నాకూ అప్పట్లో కనపడలేదు. భయంతో చూస్తే కనపడదు."

"ఏం కనపడలేదు డాక్టరుగారూ?"

"నాకు నెల టైముంది. రూలు నువ్వు ఒప్పుకున్నదే." డాక్టరు పలక ఆర్పి గుడ్డలో చుట్టాడు. "క్యాంటీన్ ఉందా ఇంకా?"

"ఉంది. సగంలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు."

"మెట్లు దిగి చాలా రోజులైంది," అన్నాడు డాక్టరు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

షాపుకి వచ్చాక కాటాయన తన పలకలో కొత్త సెల్లులు వేశాడు. ఈసారి తొందరపడాల్సిన పని లేదు. తలుపు గడియ కూడా పెట్టలేదు. అది కళ్ళు తెరిచి, గుర్తుల మీద తాకించుకుని, నువ్వెవరని అడిగింది. ఆయన పేరు, పాత చిరునామాలు, ఎప్పుడో దూరమైన మనుషుల చీటీలు, అన్నీ పోయాయి. ఏమనుకున్నాడో ఏమో, ఆ పలకని తీసుకెళ్ళి అన్నింటికన్నా సన్నపు త్రాసు మీద పెట్టాడు. నిండా ఉన్నప్పుడు ఒకసారి సరదాకి తూచిన బరువు ఆయనకి గుర్తుంది. ఇప్పుడూ అంతే తూగింది. జీవితంలో మొదటిసారి ఆయనకి తన కాటా మీద అనుమానం వచ్చింది. మూలల్లో కూడా పెట్టి చూశాడు.

మేనకోడలికి తనే ఫోను చేశాడు. "ఆట పంపించేశానే" అన్నాడు. "మంచిది. నువ్వెలా ఉన్నావు?" అంది. "ఈ ఆదివారం నేనొస్తే, నువ్వింట్లో ఉంటావా?" అన్నాడు. అవతల గిన్నె ఏదో జారిపడ్డ చప్పుడైంది.

తర్వాత బల్ల మీద సున్నపు ముక్కతో గళ్ళు గీసి, పెట్టెలోంచి తూకపు రాళ్ళు తీశాడు. చిన్నవి బంట్లు. మందమైనవి ఏనుగులు. అన్నింటికన్నా బరువైనది రాజు. పట్టకారుతో ఒక్కొక్కటే ఎక్కడివి అక్కడ నిలబెట్టాడు. గుర్రాన్ని నడుమ పెట్టి చూశాడు. రాజు, మంత్రి, రెండింటి మీదా కాలు. ఎక్కడా లోపం లేదు. ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చుని ఉన్నాడు.

లేచి, కుర్చీ తీసుకుని బల్లకి అవతలి పక్క వేసుకున్నాడు. డాక్టరు కూర్చునే పక్క. అక్కడ నుంచి ఆ బోర్డు చూడటం ఇదే మొదలు. అటు నుంచి చూస్తే అది వేరే ఊరిలా ఉంది. మెల్లగా ఒక్కో గడీ మీదకీ చూపు పోనిచ్చాడు. చివరికి మూలనున్న బంటు దగ్గర ఆగాడు. లోకంలో ఏ కాటా చూసినా మూలలు పరీక్షించేవాడు ఈ ఒక్క మూలా ఏనాడూ చూడలేదు. గుర్రం మంత్రిని కొట్టడానికి వెళితే, ఆ చిన్నది ఒక్క అడుగు వేసి తనే మంత్రి అవుతుంది, కాటాయన రాజుకి కదలడానికి గడి ఉండదు.

చాలాసేపు అలాగే, డాక్టరు వైపునే కూర్చుని, తన ఓటమిని చూసుకున్నాడు.

మొదటి ఆదివారం పొద్దున్నే క్యాంటీన్లో పాత గోడపక్క బల్ల ఖాళీగానే దొరికింది. కుర్రకారు కవర్లు బేరమాడుతున్నారు. కాటాయన రెండు టీలు చెప్పి, ఒకటి ఇప్పుడే తేవద్దన్నాడు. రుమాలుతో పలక నెత్తిమీది ఎర్రటి కిటికీని తుడిచి, ఎదుటి కుర్చీ వైపు తిప్పి, మూరెడు దూరం కొలిచి బల్లమీద పెట్టాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆపమనలేదు. డాక్టరు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు.